పర్ఫెక్ట్ పిచ్ లేకపోతే సంగీతం రాదా?

నా దగ్గర ఆన్‌లైన్‌లో పాట నేర్చుకుంటున్న ఒక పాప ఉంది. తొమ్మిదేళ్లు, అమెరికాలో ఉంటారు, నాలుగో ఏటి నుంచి పియానో క్లాసుకి వెళ్తోంది. మొదటి రోజే వాళ్లమ్మ "మేడం, మీకొకటి చూపిస్తాను" అని వంటింట్లోంచి స్టీలు గ్లాసు తెచ్చి చెంచాతో టంగుమని కొట్టింది. పాప అటు తిరగకుండానే "ఎఫ్ షార్ప్, కాస్త తక్కువగా ఉంది" అంది. నా కీబోర్డు మీద నొక్కి చూసుకున్నాను, సరిగ్గా అదే. పక్కన ఏ ఆధారమూ లేకుండా, చెవిన పడ్డ ధ్వని ఏ స్వరమో ఇలా ఠక్కున పేరు చెప్పేయడాన్నే పర్ఫెక్ట్ పిచ్ అంటారు.

తర్వాత శ్రుతి ఐదున్నరకి పెట్టి సరళీ స్వరాలు మొదలుపెట్టాం. ఐదున్నర అంటే పియానో వాళ్ల లెక్కలో జి షార్ప్. స, రి బాగానే పాడింది. గ దగ్గరికి వచ్చేసరికి గొంతు సరైన చోటే నిలబడింది గానీ నోట్లోంచి మాత్రం "స" అని వచ్చింది. మళ్లీ పాడించాను, మళ్లీ "స". మూడోసారి ఆగిపోయి కళ్లనీళ్లు పెట్టుకుంది. కారణం నాకు కాసేపటికి గానీ తట్టలేదు. జి షార్ప్‌ని షడ్జం (స) చేసుకుంటే, సరళీలు పాడే మాయామాళవగౌళ రాగంలో గాంధారం (గ) వచ్చే చోటు పియానో మీద సరిగ్గా సి అవుతుంది. వాళ్లింట్లో కీబోర్డు మీద సి మెట్టుకి "స" అని స్టిక్కర్ అతికించి ఉంది. ఐదేళ్లుగా ఆ పిల్లకి ఆ ధ్వని పేరు స. ఇవాళ నేనొచ్చి దాన్ని గ అను అంటున్నాను.

అదే వారం మా ఊళ్లో ఇంకో పిల్లాడి తల్లి వచ్చి, ఫోన్‌లో ఏదో వీడియోలో చిన్నపిల్లలు కారు హారన్‌కి కూడా స్వరం పేరు చెప్పేస్తున్నారని, తన కొడుకుని ఎన్నిసార్లు అడిగినా చెప్పలేకపోతున్నాడని, ఇంక సంగీతం మాన్పించి డ్రాయింగ్‌లో వేద్దామనుకుంటున్నానని అంది. ఆ పిల్లాడు శ్రుతి పెట్టె వినిపిస్తే చాలు, ఎక్కడ ఆపినా అక్కడి స్వరం చెప్పగలడు. వాడిని మాన్పించడం ఏమిటి? ఆ రోజు నుంచి దీని గురించి రాయాలని ఉంది.

అసలు చిక్కంతా మూడు వేరు వేరు సంగతుల్ని ఒకే మూట కట్టేయడం వల్ల వస్తోంది. శ్రుతిలో పాడటం ఒకటి: గొంతు అనుకున్న చోట నిలబడటం, అది సాధన పని. స్వరజ్ఞానం ఇంకొకటి: షడ్జం ఎక్కడుందో తెలిస్తే అక్కడి నుంచి మిగతావన్నీ ఎంతెంత దూరంలో ఉన్నాయో చెవి పట్టుకోగలగడం, ఇంగ్లీషులో దీన్ని రిలేటివ్ పిచ్ అంటారు. మూడోది పర్ఫెక్ట్ పిచ్. ఈ మూడోది ఉన్నవాళ్లు అపశ్రుతిలో పాడొచ్చు, తాళం తప్పొచ్చు, రాగం పట్టుకోలేకపోవచ్చు. లేనివాళ్లు అద్భుతంగా పాడొచ్చు. టీవీ పాటల పోటీలో జడ్జి "శ్రుతి తప్పావమ్మా" అంటే మొదటిదాని గురించి అంటున్నారు, మూడోదానితో దానికి సంబంధమే లేదు.

స్వరజ్ఞానాన్ని పిల్లలకి చెప్పేటప్పుడు నేను ముగ్గు గుర్తు చేస్తాను. చుక్కల మధ్య దూరాలు సరిగ్గా ఉంటే ముగ్గు వాకిట్లో వేసినా డాబా మీద వేసినా అదే ముగ్గు. పాట కూడా అంతే. పాత టేప్ రికార్డర్‌లో బ్యాటరీలు అయిపోతున్నప్పుడు పాట మెల్లగా కిందికి జారిపోయేది గుర్తుందా, చుక్కలన్నీ కలిసి పక్కకి జరిగాయి, అయినా అది ఏ పాటో ఇంట్లో అందరికీ తెలుస్తూనే ఉండేది. అంటే సంగీతం నేర్చుకోనివాళ్లకి కూడా ఈ దూరాలు పట్టే చెవి ఉంది. మనం క్లాసులో చేసేది దానికి పదును పెట్టడం.

ఇది నాకు ఎందుకింత పట్టింపో చెప్తాను. నాకు పదకొండేళ్లప్పుడు ఒక కీబోర్డు మాస్టారి దగ్గర చేర్పించారు. మొదటి రోజే ఆయన నన్ను అటు తిరిగి నిలబడమని ఒక మెట్టు నొక్కి "ఏంటిది?" అన్నారు. నాకు తెలియలేదు. ఇంకోటి, ఇంకోటి. అయిదింటిలో ఒక్కటీ చెప్పలేకపోయాను. "ఈ అమ్మాయికి చెవి లేదండీ" అని మా నాన్నతో నా ముందే అన్నారు. రెండేళ్లు నోరెత్తి పాడలేదు, ఇంట్లో పనులు చేసుకుంటూ కూడా పాడలేదు. తర్వాత మా అత్త బలవంతం మీద ఇంకో టీచరు దగ్గరికి వెళ్తే ఆవిడ ఏ పరీక్షా పెట్టలేదు. తంబురా మీటుతూ "ఇది స, విను" అన్నారు. పది నిమిషాలు విన్నాక ఆవిడ గొంతుతో ఒక స్వరం పట్టి ఏమిటని అడిగితే, నాకు తెలియకుండానే "ప" అన్నాను. ఆ మాస్టారు అడిగిన ప్రశ్నకి ఈ టీచరు అడిగిన ప్రశ్నకి మధ్య ఉన్న తేడాయే ఈ వ్యాసమంతా.

సరే, ఈ పర్ఫెక్ట్ పిచ్ ఎవరికొస్తుంది? పదివేల మందిలో ఒకరికి అని అన్నిచోట్లా రాస్తుంటారు, అది గట్టి లెక్కేమీ కాదు. కచ్చితంగా తెలిసిందేమిటంటే చాలా చిన్నప్పుడు సంగీతం మొదలుపెట్టినవాళ్లలో ఎక్కువగా కనిపిస్తుంది. డయానా డాయిచ్ అనే పరిశోధకురాలి బృందం 2006లో బీజింగ్ సెంట్రల్ కన్జర్వేటరీ అనే సంగీత కళాశాల విద్యార్థుల్ని, అమెరికాలోని ఈస్ట్‌మన్ సంగీత స్కూలు విద్యార్థుల్ని పోల్చి చూసింది. నాలుగైదేళ్లకే మొదలుపెట్టినవాళ్లలో బీజింగ్‌లో దాదాపు 60 శాతం మందికి ఉంటే ఈస్ట్‌మన్‌లో 14 శాతం మందికి ఉంది. ఎనిమిది, తొమ్మిదేళ్లకి మొదలుపెట్టినవాళ్లలో బీజింగ్‌లో 42 శాతం, ఈస్ట్‌మన్‌లో ఒక్కరికీ లేదు. చైనీస్‌లో గొంతు ఎత్తు మారితే మాట అర్థమే మారిపోతుంది కాబట్టి అక్కడి పిల్లలు మాటలతో పాటే ఎత్తుని కూడా గుర్తుపెట్టుకోవడం నేర్చుకుంటారని ఆవిడ వాదన. తెలుగులో అలా లేదు, "అమ్మ" అని ఏ ఎత్తులో పిలిచినా అమ్మే. జపాన్‌లో ఇంకో పద్ధతి చూశారు: రెండు నుంచి ఆరేళ్ల మధ్య ఉన్న 24 మంది పిల్లలకి ప్రతిరోజూ కొన్ని కార్డ్స్, అంటే కొన్ని స్వరాలు కలిపి ఒకేసారి మోగించే ధ్వనులు, వినిపించి గుర్తుపట్టిస్తూ పోతే, మధ్యలో మానేసిన ఇద్దరు తప్ప మిగతా 22 మందికీ అది వచ్చింది. అంటే ఇది ఆకాశం నుంచి ఊడిపడే వరమేమీ కాదు, పుట్టుక పాత్ర కొంత ఉన్నా, చిన్నవయసులో ధ్వనికీ పేరుకీ ముడి పడటం దాని అసలు పని. పెద్దయ్యాక ఆ ముడి వేయడం చాలా కష్టం. సంగీతానికి మాత్రం ఆ గడువు లేదు.

ఇంకో తమాషా ఉంది. 1994లో డేనియల్ లెవిటిన్ అనే పరిశోధకుడు 46 మంది మామూలు మనుషుల్ని తమకి బాగా ఇష్టమైన పాటని రికార్డు వినకుండా గుర్తున్నట్టు పాడమన్నాడు. నూటికి నలభై మంది రెండు ప్రయత్నాల్లో కనీసం ఒకసారైనా అసలు రికార్డు ఉన్న ఎత్తులోనే పాడారు. వీళ్లెవరూ స్వరాల పేర్లు చెప్పే శక్తి ఉందని ఏరి తెచ్చినవాళ్లు కారు. మన ఇళ్లలో కూడా పొద్దున్నే రోజూ వినే సుప్రభాతాన్ని కూని రాగం తీసినప్పుడు ఫోన్‌లో పెట్టి సరిచూసుకోండి, చాలాసార్లు దగ్గరగానే ఉంటుంది. ఎత్తు మనందరి జ్ఞాపకంలో ఎంతో కొంత ఉంది, లేనిది దాని మీద అతికించిన పేరు.

పోనీ ఆ పేరైనా శాశ్వతమా అంటే, కాదు. ఇవాళ ప్రపంచమంతా ఎ స్వరం అంటే 440 హెర్ట్జ్ (సెకనుకి 440 కంపనాలు) అనుకుంటున్నది 1939లో లండన్‌లో జరిగిన సమావేశంలో తేల్చుకున్న లెక్క. అంతకుముందు 1859లో ఫ్రాన్స్ ప్రభుత్వం 435 అని చట్టం చేసింది. పాత బరోక్ కాలపు యూరప్ సంగీతాన్ని ఇప్పుడు వాయించే బృందాలు 415కి కట్టుకుంటాయి, అది 440 కంటే ఇంచుమించు అర స్వరం తక్కువ. 440కి అలవాటుపడిన పర్ఫెక్ట్ పిచ్ చెవికి ఆ కచేరీ మొదటి నుంచి చివరి దాకా తప్పు మెట్టు మీద నడుస్తున్నట్టు ఉంటుంది. షికాగో విశ్వవిద్యాలయంలో ఇంకా లోతుగా వెళ్లారు: ఇలాంటి చెవి ఉన్నవాళ్లకి బ్రామ్స్ మొదటి సింఫనీ వినిపిస్తూ, వాళ్లకి తెలియకుండా మెల్లమెల్లగా అర స్వరంలో మూడోవంతు మేర కిందికి దించేశారు. వింటూ వింటూ వాళ్ల కొలత కూడా దిగిపోయింది, ఆ దిగిన స్వరాలే సరైనవి అనిపించాయి. వయసు పైబడ్డాక కూడా ఇది జరుగుతుంది. పియానో దిగ్గజం స్వ్యాతోస్లావ్ రిక్టర్‌కి ముసలితనంలో అన్నీ అసలు ఎత్తు కంటే పైకి వినపడటం మొదలైంది, చేతులు ఒక మెట్టు మీద, చెవి ఇంకో మెట్టు మీద. జీవితమంతా ఆ పేర్ల మీదే ఆధారపడ్డ మనిషికి అదెంత యాతనో ఊహించుకుంటేనే గుండె బరువెక్కుతుంది.

ఇప్పుడు మన సంగీతానికి వద్దాం. కర్ణాటక సంగీతంలో షడ్జం ఎవరి గొంతుకి అనువైన చోట వాళ్లది. మగవాళ్లు సాధారణంగా ఒకటి నుంచి రెండు మధ్య, ఆడవాళ్లు ఐదు, ఐదున్నర, ఆరు. ఒకటిన్నర శ్రుతిలో పాడే ఆయన స 138 హెర్ట్జ్ దగ్గర, ఐదున్నరలో పాడే ఆవిడ స 207 హెర్ట్జ్ దగ్గర ఉంటుంది. ఇద్దరూ పాడేది అదే కల్యాణి రాగం. వయొలిన్ వాళ్లు తీగలనే గాయకుల షడ్జానికి, పంచమానికి సరిచేసుకుంటారు, వేళ్లు పడే చోట్లు మారవు. వేణువు వాళ్లు సంచీ నిండా వేణువులు మోసుకొస్తారు. మొత్తం ఏర్పాటంతా స కదులుతుందన్న నమ్మకం మీదే నిలబడి ఉంది.

దీన్ని దగ్గరగా చూడాలంటే ఏ పల్లెటూళ్లోనైనా పౌరాణిక నాటకానికి వెళ్లి, రంగం మీద కాకుండా పక్కన కూర్చున్న హార్మోనిస్టు చేతుల్ని చూడండి. కృష్ణుడి పాత్రధారిది ఐదు శ్రుతి, పద్యం మోహన రాగంలో ఎత్తుకున్నాడు. అది అయిపోయి చప్పట్లు తగ్గకముందే అర్జునుడు అందుకుంటాడు, ఆయనది నాలుగున్నర. హార్మోనిస్టు ఎడమచేత్తో బెల్లోస్ ఆపకుండానే కుడిచెయ్యి అలా జరుగుతుంది, అయిదు తెల్లమెట్ల మీద ఉన్న మోహన ఒక్క క్షణంలో అయిదు నల్లమెట్ల మీదికి వచ్చేస్తుంది. ఆయన్ని ఆపి ఇది జి మేజరా అని అడిగితే ఆయనకి అర్థం కాకపోవచ్చు. అడగాల్సింది "శ్రుతి ఎంత అన్నా?" అని. ఆ ఒక్కటి తెలిస్తే తెల్లవార్లూ నడిపిస్తాడు. సంగీతానికి కావలసిన చెవి ఏదని నన్నెవరైనా అడిగితే ఆయన పక్కన ఒక రాత్రి కూచోమంటాను.

ఆ అయిదు నల్లమెట్ల దగ్గరే ఆగుదాం, ఎందుకంటే ఈ విషయంలో ఇంతకంటే మంచి రుజువు నాకు తెలియదు. ఫోన్‌లో ఏ పియానో యాప్ అయినా తెరవండి, ఇంకో ఫోన్‌లో శ్రుతి పెట్టె యాప్ పెట్టుకోండి. నల్లమెట్లు రెండు ఒక గుంపుగా, మూడు ఒక గుంపుగా ఉంటాయి. మూడింటి గుంపులో మొదటిదాన్ని స అనుకుని, శ్రుతి కూడా అక్కడే పెట్టి, నల్లమెట్లు మాత్రమే వరసగా నొక్కుకుంటూ పోండి, మోహన వస్తుంది. ఇప్పుడు శ్రుతిని పక్కమెట్టుకి మార్చి దాన్ని స అనుకోండి. అవే అయిదు మెట్లు, ఇప్పుడు మధ్యమావతి. మూడోదాన్ని స చేస్తే హిందోళం. రెండింటి గుంపులో మొదటిదాన్ని చేస్తే శుద్ధ సావేరి, రెండోదాన్ని చేస్తే శుద్ధ ధన్యాసి. దీన్నే గ్రహభేదం అంటారు. అయిదుసార్లూ అవే ధ్వనులు, పర్ఫెక్ట్ పిచ్ ఉన్నవాళ్లు అయిదుసార్లూ అవే అయిదు పేర్లు చెబుతారు, ఒక్కటీ తప్పు పోదు. కానీ ఒకసారి మంగళం పాడాలనిపిస్తుంది, ఇంకోసారి అర్ధరాత్రి గుడి మెట్ల మీద ఒంటరిగా కూర్చున్నట్టుంటుంది. ఆ మారినదంతా స ఎక్కడుందన్న దానిలోనే ఉంది, మెట్ల పేర్లలో లేదు. శ్రుతి యాప్ కట్టేసి చేసి చూడండి, ఆ తేడా ఎంత పలచబడిపోతుందో తెలుస్తుంది.

పైగా మన స్వరం ఒక చుక్క దగ్గర నిలబడి ఉండదు. తోడి గాంధారం పాడేటప్పుడు గొంతు రిషభం వైపు నుంచి మధ్యమం వైపు ఊగుతూనే ఉంటుంది, ఆ ఊగడమే గాంధారం. దాన్ని ముక్కలు చేసి ఒక్కో ముక్కకి పేరు అడిగితే గాంధారం అసలు దొరకదు. దొరికే చోట కూడా కొలత వేరు: స 240 హెర్ట్జ్ అనుకుంటే తంబురాలో స్వయంగా పలికే అంతర గాంధారం 300, కీబోర్డు మీద అదే మెట్టు 302 దాటుతుంది. కీబోర్డుతో పెరిగిన చెవికి తంబురా గాంధారం కాస్త దిగినట్టు అనిపిస్తుంది, తంబురాతో పెరిగిన చెవికి కీబోర్డుది గుచ్చుకుంటుంది. ఇలాంటి ఇబ్బందులు, స్వరాన్ని ఊపే గమకాలు పలకవన్న అభ్యంతరాల వల్లే ఆలిండియా రేడియో 1940లో హార్మోనియంని పక్కన పెట్టేసి 1971 దాకా రానివ్వలేదు. ఆ నిషేధం నాకు నచ్చదు, నాటకాల హార్మోనిస్టులకి అది పెద్ద అవమానం. కానీ దాని వెనక ఉన్న చెవి బాధ నిజమైనదే.

మా పాప సమస్య కూడా కొత్తదేమీ కాదు. జపాన్‌లో మియజాకి అనే ఆయన 1990ల నుంచి ఇదే చూపిస్తూ వచ్చారు: పాటని వేరే ఎత్తుకి మార్చి వినిపించి రెండూ ఒకటేనా అని అడిగితే, స్వరాల మధ్య దూరం ఎంత అని అడిగితే, పర్ఫెక్ట్ పిచ్ ఉన్నవాళ్లు చాలాసార్లు మిగతా విద్యార్థుల కంటే వెనకబడతారు. ముగ్గుని చూడకుండా చుక్క పడ్డ బండ నంబరు చూస్తుంటారన్నమాట. అందరికీ ఇలా కాదు, రెండూ చక్కగా పెంచుకున్నవాళ్లు ఉన్నారు. మొజార్ట్‌కి ఆ చెవి చిన్నప్పుడే ఉండేదని ఆ రోజుల్లోనే రాశారు, వాగ్నర్‌కి, షూమన్‌కి లేదని చెబుతారు. ముగ్గురి సంగీతమూ మిగిలింది.

దానివల్ల ఉపయోగం లేదని నేను అనడం లేదు. సినిమా పాట విని నిమిషాల్లో నొటేషన్ రాసిచ్చే స్టూడియో వాళ్లకి అది పెద్ద సౌకర్యం. పాశ్చాత్య ఆధునిక సంగీతంలో ఏ స్వరమూ షడ్జంలా నిలవని రచనలు పాడేవాళ్లకి, వాద్యం లేకుండా బృందగానం ఎత్తుకునేవాళ్లకి చాలా పనికొస్తుంది. నా స్నేహితురాలు ఒకామె రికార్డింగులో గాయకుడు నోరు తెరవకముందే ట్రాక్ పావు స్వరం దిగిందని చెప్పేస్తుంది, అందరి పనీ ఒక గంట మిగులుతుంది. ఉంటే హాయిగా వాడుకోవాలి. లేకపోతే ఫోన్‌లో శ్రుతి పెట్టె ఒక సెకనులో ఆ లోటు తీరుస్తుంది. రిలేటివ్ పిచ్ లేకపోతే దాన్ని ఏ యాప్ తీర్చదు.

ఆ చెవి ఎలా పెరుగుతుందంటే, మన పాత పాఠాల్లోనే అంతా ఉంది, మనమే వాటిని గొంతు కసరత్తు అనుకుని తోసేస్తున్నాం. సరళీల్లో పక్కపక్క మెట్ల దూరం తెలుస్తుంది, దాటు స్వరాల్లో దూకుడు తెలుస్తుంది. నేను చేయించేది ఒకటే ఎక్కువ: ప్రతి వరసనీ మొదట అకారంలో పాడించి, తర్వాత అదే స్వరాల పేర్లతో పాడించడం. సినిమా పాట పల్లవి ఒకటి తీసుకుని స్వరాలు కట్టమంటాను, తప్పులు వస్తాయి, రానిస్తాను. తంబురా సరిచేయడం కూడా పిల్లల చేత చేయిస్తాను. రెండు సారణులు (మధ్య తీగలు) దగ్గరగా వచ్చి ఇంకా కలవనప్పుడు మధ్యలో ఒక అల వినిపిస్తుంది, ఒకటి 240, ఇంకోటి 242 అయితే సెకనుకి రెండుసార్లు ఊగుతుంది. బిరడా కొద్దికొద్దిగా తిప్పుతుంటే ఆ అల నెమ్మదించి, నెమ్మదించి, ఒకచోట ఆగిపోతుంది. ఆ క్షణంలో పిల్లల మొహాలు చూడాలి. ఆ ధ్వని పేరేమిటో అక్కడ ఎవరికీ తెలియదు, కలిసిందని మాత్రం అందరికీ తెలుసు.

పాపకి మొదట ఆ స్టిక్కర్లు పీకించాను. తర్వాత వారానికో శ్రుతి మార్చాం, ఒక వారం ఐదు, ఒక వారం ఆరు, ఒక వారం నాలుగున్నర. క్లాసు మొదట్లో అయిదు నిమిషాలు ఏమీ పాడకుండా శ్రుతి వినడమే. మొదటి నెల చాలా కష్టపడింది, తలనొప్పి వస్తోందంది కూడా, అలాంటి రోజున ఆపేసి కబుర్లు చెప్పుకునేవాళ్లం. పేరు వినపడకుండా ఎలా చేయాలని అడిగింది ఒకసారి. వినపడనీ, దాన్ని ఆపక్కర్లేదు, దాని పక్కన ఇంకో పేరు కూడా పెట్టుకో, ఇంట్లో నీకు ముద్దుపేరు ఉంది కదా అన్నాను.

మొన్న శనివారం మళ్లీ ఐదున్నర పెట్టాను. ఒక్క క్షణం విని, "ఇది జి షార్ప్ టీచర్" అంది. నేనేమీ అనలేదు. "ఇవాళ దీని పేరు స" అని, సరళీ ఎత్తుకుంది. గాంధారం దగ్గర కొంచెం నెమ్మదించింది, అంతే, ఆగలేదు.